నా పేరు పెట్టుకున్న స్ఫటికం

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా పిన్ని వాళ్ల అపార్ట్‌మెంట్లకు నేను ఇప్పటికీ వెనక గేటు నుంచే వెళతాను. అక్కడ నా అంత పరువు పోగొట్టుకున్న మనిషిని మీరు చూసి ఉండరు కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

అప్పట్లో నేను వసంత్ కుంజ్ దగ్గర ఒక ల్యాబ్‌లో పరిశోధన విద్యార్థినిని. అల్యూమినా, సిలికా కలిపి చేసిన గాజును కొలిమిలో మళ్లీ వేడిచేసి, అందులో ఏ స్ఫటికాలు పుడతాయో చూడడం నా పని. నీళ్లలా తేటగా వెళ్లిన గాజు పాలలా తెల్లబడి వచ్చేది. మైక్రోస్కోపులో చూస్తే మంచు పట్టిన గడ్డిపరకల్లా సన్నని సూదులు. ముల్లైట్ అంటారు వాటిని. ఆ సూదుల మధ్య నడుచుకుంటూ ఎటో వెళ్లిపోయేదాన్ని. ఎవరైనా భుజం తడితే తప్ప ఢిల్లీకి తిరిగి వచ్చేదాన్ని కాదు.

ఒక చలికాలం సాయంత్రం, ఎక్స్‌రే పరీక్షలో ముల్లైట్ గీతల పక్కనే మరికొన్ని కొత్త గీతలు కనిపించాయి. గీతలు కొత్తవైతే స్ఫటికమూ కొత్తదే. గాజు ఇంతవరకు ఎవరికీ చెప్పని రహస్యం నా చెవిలో చెప్పిందనుకున్నాను. మెట్రోలో కిటికీ అద్దానికి తల ఆనించి, బయటి పొగమంచును చూస్తూ, నా స్ఫటికానికి నా పేరే కలిపి 'సుభద్రైట్' అని పేరు కూడా పెట్టేశాను.

అక్కడితో ఆగకుండా పిన్నికి ఫోన్ చేశాను. పిన్ని వాళ్ల అపార్ట్‌మెంట్ సొసైటీలోని తెలుగువాళ్లందరికీ చెప్పింది. ఆదివారం క్లబ్‌హౌస్‌లో సన్మానం ఏర్పాటైపోయింది.

తీరా శాలువా విప్పుతుండగా ల్యాబ్‌లో మా సీనియర్ మనోజ్ భయ్యా నుంచి ఫోన్. ఆ కొత్త గీతలు అచ్చం ఉప్పువేనట. పరీక్ష కోసం గాజును పొడి చేసే ముందు ఏం తిన్నావని మెల్లగా అడిగాడు. టెర్రస్ మీద ఎండలో కూర్చుని, ఉప్పు అద్దుకుంటూ జామకాయ తిన్నాను. చేతులు కడుక్కున్నానా? కడుక్కున్నట్టు కల మాత్రం కన్నాను.

పిన్ని చెవిలో విషయం చెప్పాను.

"సమోసాలు వచ్చేశాయే. ఇప్పుడు ఆపితే ఎలా? నోరు మూసుకుని నవ్వుతూ కూర్చో," అంది పిన్ని.

కూర్చున్నాను. శాలువా కప్పారు. చప్పట్లయ్యాక ముందు వరుసలోంచి రిటైర్డ్ ఇంజినీరు రావు అంకుల్ లేచారు.

"అచ్ఛా బేటా, నువ్వు కనిపెట్టింది మనలాంటి మామూలువాళ్లకు ఎందుకు పనికొస్తుందమ్మా?"

అంత పెద్దాయనకు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"పప్పులోకి, అంకుల్."

శాలువా సాక్షిగా ఆ క్షణమే ప్రతిజ్ఞ చేశాను: ఇకపై ఏ స్ఫటికానికైనా నా పేరు పెట్టేముందు, దాన్ని ఒకసారి నాకి చూస్తాను.