హమాలీలతో కట్టిన హాకీ టీమ్

ఎల్లారెడ్డిలో మేము హాకీ ఆడేవాళ్ళమంటే ఇప్పుడెవరూ నమ్మరు. అప్పుడూ నమ్మలేదు. బస్టాండు దగ్గర నాకు మొబైల్ రీఛార్జ్ దుకాణం ఉండేది. సాయంత్రం షట్టర్ దించి హాకీ కర్ర పట్టుకుని బయల్దేరితే, "ఎవన్ని కొట్టవోతున్నవే?" అని ఆశగా అడిగేవాళ్ళు. ఆటకని చెబితే వాళ్ళ మొహాలు చూడాలి.

ఆ కర్రలు మావి కావు. రిటైరైన డ్రిల్లు సారువి. సర్కారు బళ్ళలో పనిచేసినన్నాళ్ళూ ఒక్కొక్కటే కూడబెట్టి, పెద్ద గోనెసంచిలో దాచుకున్నాడు. మా ఊళ్ళో హాకీ అంటే ఆ సంచే. అది లేకపోతే ఆట లేదు. ఏటా చలికాలంలో కామారెడ్డి జట్టుతో ఒక మ్యాచ్ ఉండేది. ఏటా ఓడిపోయేవాళ్ళం. ఆట రాక కాదు, ఆ మాట మీద ఇప్పటికీ ఎవరితోనైనా కొట్లాడతాను. వాళ్ళు జిమ్ముకు పోయే మనుషులు. భుజం తగిలిస్తే చాలు, మావాడు బంతికన్నా దూరం పోయి పడేవాడు.

2012లో అట్లాగే ఓడి, మోకాళ్ళకు పసుపు పూసుకుని కూర్చున్నాం. సారు వచ్చి సంచి మీద చెయ్యి వేశాడు.

"మల్ల ఓడిండ్రంటే ఈ కట్టెలు కామారెడ్డోళ్ళకిచ్చేస్త. ఆడనన్న ఆట బతుకుతది. నా కండ్ల ముంగట చెదలు వట్టుడు నేను సూడలేను."

సారు ఒట్టి మాటలు అనే మనిషి కాదు. నాకు భయం పట్టుకుంది. ఇక మాకు కావలసింది ఒడ్డూ పొడుగూ ఉన్న మనుషులు. వెతికే బాధ్యత నాదే, కెప్టెన్ని కాబట్టి. నన్ను కెప్టెన్ ఎందుకు చేశారంటే, జట్టులో సొంత దుకాణం, నాలుగు కుర్చీలు ఉన్నది నాకొక్కడికే.

మొదట ఎదిగే వయసు పిల్లల్ని పట్టుకుని తయారు చేద్దామనుకున్నాను. బండేసుకుని తాడ్వాయి వైపు ఊళ్ళన్నీ తిరిగాను. పిల్లల్ని చూసి ఏం తెలుస్తుంది? అందుకని గడప బయట తండ్రి చెప్పులు చూసేవాణ్ణి. చెప్పులు పడవల్లా ఉంటే పిల్లవాణ్ణి తీసుకునేవాణ్ణి. ఆ తెలివికి నాకు నేనే మురిసిపోయాను. వానాకాలం పోయింది, పిల్లలు మాత్రం అంగుళం పెరగలేదు. అడిగితే ఒక తల్లి, "మావోనిది మేనమామ పోలిక గదయ్యా" అంది. ఆ మేనమామ అక్కడే ఉన్నాడు. తలుపు గొళ్ళెం తీయడానికి మడమలెత్తాడు.

మ్యాచ్ ఇంక నెల్లాళ్ళు ఉందనగా, ఒక పని మీద మార్కెట్ యార్డుకు పోయాను. వడ్ల బస్తాలు లారీకెక్కుతున్నాయి. హమాలీలు క్వింటాలు బస్తా వీపున వేసుకుని, నడుము వంచి, లారీకి ఆనించిన చెక్కపలక మీద పరుగున ఎక్కుతున్నారు. ఒక్కొక్కరి మెడ నా నడుమంత. ఇన్నాళ్ళూ పక్కనే ఉన్న ఈ మనుషుల్ని వదిలేసి, ఎవరి చెప్పులో చూస్తూ ఊరూరా తిరిగానే అని తల కొట్టుకున్నాను. వాళ్ళలో పెద్దాయన దగ్గరికి పోయి సంగతి చెప్పాను.

"ఏం జెయ్యాలె తమ్మీ?"

"అడ్డం నిలబడాలె అన్నా. బంతి తెచ్చెటోన్ని ముంగటికి పోనియ్యద్దు."

"గంతేనా?"

"గంతే."

"గంత సులువైన పని మాకెవ్వలు చెప్పలే," అని నవ్వి, ఇంకో ముగ్గుర్ని వెంటేసుకుని వచ్చాడు.

మా జెర్సీలు వాళ్ళకు బొడ్డు దగ్గరే ఆగిపోయాయి. సారు వాళ్ళను చూసి, "వీళ్ళు ఆడతరా, గోల్ పోస్టులు లేపుకపోతరా?" అన్నాడు. ప్రాక్టీసులో నలుగురినీ గోల్ ముందు వరసగా నిలబెడితే ఆ వెనుక ఏముందో కనబడేది కాదు. మాలో ఒక్కడికీ వాళ్ళ మీదికి ఉరికే ధైర్యం రాలేదు. అదే కొంప ముంచింది.

మ్యాచ్ రోజు మా నలుగురినీ చూసి కామారెడ్డి వాళ్ళు గుసగుసలాడుకున్నారు. నేను కావాలనే రెండుసార్లు వాళ్ళ ముందు నుంచి నడిచాను. ఆట మొదలైంది. వాళ్ళ కెప్టెన్ నడుము వంచి, కర్రతో బంతిని తోసుకుంటూ సూటిగా పెద్దాయన మీదికి ఉరికాడు. ఇక వీడి పని అయిపోయిందని నేను కళ్ళు సగం మూసుకున్నాను. పెద్దాయన మర్యాదగా పక్కకు జరిగాడు. వెనుకనున్న వాళ్ళూ జరిగారు. గోల్. కాసేపటికి మళ్ళీ అదే తంతు.

విరామంలో నేను అరిచినంత పని చేశాను. "ఎందుకు జరిగినవన్నా?"

ఆయన పాపం బిత్తరపోయి ఉన్నాడు. "వాడు వంగి ఉరికొస్తుండు గద తమ్మీ. యార్డుల వంగి వచ్చెటోని వీపు మీద బరువుంటది. అడ్డం నిలబడితె ఇద్దరి నడుములు వోతయి. తొవ్వ ఇచ్చుడే మాకు అలవాటు. కాళ్ళు అవ్వే జరిగినయి."

అప్పుడు అర్థమైంది. హాకీలో అందరూ వంగే ఉరుకుతారు. నేను తెచ్చింది జీవితమంతా దారి ఇచ్చిన మనుషుల్ని.

"వాని వీపు మీద ఏం లేదన్నా! ఒట్టి వీపు! మంచిగ సూడు!" అని మొత్తుకున్నాను.

రెండో సగంలో నలుగురూ వచ్చేవాడి కర్రను కాదు, వీపును చూశారు. ఖాళీగా కనబడగానే నిలబడిపోయారు. కామారెడ్డి వాళ్ళు వచ్చి తగిలి, తగిలినవాళ్ళు తగిలినట్టే కూలబడ్డారు. మేము ఒక గోల్ వేశాం. ఇంకోటి కూడా వేశాం. సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ సంచి మాదే అయిపోయిందనుకున్నాను, నిజంగా.

కానీ వాళ్ళ కెప్టెన్ వాళ్ళది కామారెడ్డిలో బెల్లం అడ్తి దుకాణం. హమాలీల మధ్యే పెరిగాడు. ఆట ముగిసే ముందు బంతి దొరకగానే నడుము ఇంకాస్త వంచి, "జరుగు! జరుగు! బరువు!" అని గొంతు చించుకుంటూ ఉరికాడు. నలుగురూ ఒక్కసారే పక్కకు తప్పుకున్నారు. తప్పుకున్నాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అట్లా ఓడిపోయాం. మ్యాచ్ చూడ్డానికి వచ్చినవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. సారు కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు, కానీ మాట మార్చలేదు. కామారెడ్డి వాళ్ళ ఆటో గేటు బయట ఆగి ఉంది. సంచి చూపించి, "తీస్కపోండ్రి" అన్నాడు.

వాళ్ళలో ఇద్దరు, హమాలీలకు తగిలి వాచిన భుజాలతో, సంచిని లేపబోయి లేపలేకపోయారు. పెద్దాయన మా వైపు చూడకుండా వచ్చి, దాన్ని ఒక్కడే వీపున వేసుకున్నాడు. గేటు దారిలో మా జట్టంతా గుంపుగా నిలబడి ఉంది. పోనివ్వకూడదనే అందరికీ ఉంది. ఆయన నడుము వంచి నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చి, మెల్లగా, "జరుగుండ్రి తమ్మీ, బరువున్నది" అన్నాడు.

అందరికన్నా ముందు జరిగింది నేనే.