బెరిల్ విప్పని కవర్లు

బెరిల్ ఫీల్డింగ్ నోటినిండా మేకులు పెట్టుకుని బేరం ఒప్పుకున్న మనిషి. వెటకారం కాదు, జరిగిందే చెబుతున్నాను. లాంకషైర్‌లో హాల్డెన్‌షా అనే ఊళ్లో, మూతబడ్డ నేతమిల్లు వెనక సందులో ఆమె పాత సోఫాలకూ కుర్చీలకూ స్ప్రింగులు బిగించి కొత్త గుడ్డ తొడిగేది. ఆ పని చేసేవాళ్లు చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదాల మీదికి తెచ్చి, అయస్కాంతం సుత్తితో అందుకుని కొడతారు. షెడ్డు సొంతదారు ఆల్బర్ట్ సగ్డెన్ మాట్లాడదామని వచ్చిన రోజున ఆమె ఆ అవతారంలోనే ఉంది.

"చూడమ్మా బెరిల్, వారం వారం అద్దె ఇచ్చెయ్. అన్నీ అందులోనే. కౌన్సిలు పన్నులూ అవీ నేను చూసుకుంటా. కాగితాలూ గీగితాలూ మనకెందుకు, లాయర్ల కడుపు నింపడానికి కాకపోతే?"

ఆమె తలూపింది. ఆయన చెయ్యి చాపాడు, ఆమె పట్టుకుంది. ఇరవై రెండేళ్ల ఒప్పందం అంతే. ఆ కొండప్రాంతంలో ఆ తరంవాళ్లకు చెయ్యి కలిపాక మళ్లీ కాగితం అడగడమంటే ఎదుటివాణ్ణి దొంగా అని పిలిచినట్టే. ఈ మర్యాదే చివరికి ఆమె కొంప ముంచింది.

ప్రతి శుక్రవారం సగ్డెన్ వచ్చేవాడు. సగం పనైన కుర్చీ ఏదుంటే దాంట్లో కూలబడి, టీ తాగి, అల్లం కేకు ముక్క తిని, అద్దె జేబులో వేసుకునేవాడు. తన పేరున వచ్చిన ఉత్తరాలు కూడా ఆమె చేతిలోంచి తీసుకుని వెళ్లేవాడు. కౌన్సిలు నుంచి వచ్చే గోధుమరంగు కవర్లు అవి. మొదట్లో ఏడాదికి ఒకటో రెండో. తర్వాత్తర్వాత నెలకొకటి, పైనే ఎర్రక్షరాలు కనబడుతూ. బెరిల్ ఒక్కటీ విప్పలేదు. ఇంకొకరి పేరున్న కవరు విప్పడమంటే ఆమెకు ఒకరి కంచంలో చెయ్యి పెట్టినట్టే.

పక్కన ఉన్నిదారాల కొట్టు డోరీన్ మాత్రం ఊరుకునేది కాదు.

"ఆ ఎర్రక్షరాలు చూశావుటే? కెటిల్ ఆవిరి పట్టి విప్పు. ఏముందో చూసి మళ్లీ అంటించేద్దాం."

"ఆయన పేరుంది డోరీన్."

"వచ్చింది నీ కొట్టుకేగా!"

"చూసుకుంటానన్నారుగా ఆయన."

చూసుకున్నాడు కూడా, చాలాకాలం. ఆరేళ్ల కిందట భార్య మంచాన పడింది. అప్పటినుంచి ఒక్క పౌండు కట్టలేదు. చెప్పడానికి సిగ్గుపడ్డాడని ఊళ్లో ఆయన్ని వెనకేసుకొస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. సిగ్గు ఆయనది, తలనొప్పి మాత్రం బెరిల్‌కా? శుక్రవారం శుక్రవారం కేకు తింటూ కూడా నోరు విప్పని మనిషి, మొన్న ఫిబ్రవరిలో ఆ మాట చెప్పకుండానే పోయాడు.

షెడ్డు కూతురు జానిస్‌కి వచ్చింది. చిన్నప్పుడు బడి వదలగానే బెరిల్ సోఫాల మీద పడుకుని బిస్కట్లు తిన్న పిల్లే ఆమె. ఆంటీ అనే పిలుస్తుంది ఇప్పటికీ. షెడ్డు అమ్మకానికి పెట్టింది. కౌన్సిలువాళ్లు పాత బాకీ అడిగేసరికి, అక్కడ వ్యాపారం చేసింది మా నాన్న కాదు, బెరిల్ ఫీల్డింగ్ అని రాసి పంపింది. అబద్ధమేమీ కాదు. ఆ పన్ను గోడలు ఎవరివని చూడదు, ఆ గోడల మధ్య కొట్టు నడిపేది ఎవరని చూస్తుంది. దాంతో బెరిల్ పేరు మీద మొదటి కవరు వచ్చింది. మేకులు ఊడబెరికే ఉలితో విప్పింది. ఆరేళ్ల పన్ను, పద్నాలుగు వేల పౌండ్లు. ఏడాదంతా వేళ్లు పగిలేలా కొట్టినా ఆమెకు అంత మిగలదు.

కౌన్సిలు ఆఫీసుకు వెళ్లింది. కౌంటర్లో అమ్మాయి మంచిదే.

"మీలాంటి చిన్న కొట్లకి పూర్తి మినహాయింపు ఉందండీ. మీ పేరున దరఖాస్తు పెట్టుకుని ఉంటే ఈ ఆరేళ్లూ ఏమీ కట్టక్కర్లేకపోయేది."

"అయితే ఇప్పుడే పెడతానమ్మా."

"ఈ ఏడాదికి పెట్టుకోండి. పాతవాటికి గడువు దాటిపోయింది. ఏటా బిల్లుతోపాటు ఆ ఫారం పంపుతూనే ఉన్నామే."

అంటే ఆ ఫారాలు ఏటేటా ఆ కవర్లలోనే ఉన్నాయి. తన్ను గట్టున పడేసే కాగితాన్ని తన చేత్తోనే, నలగకుండా, సగ్డెన్‌కి అందించింది. బస్సులో ఇంటికొస్తూ అలా ఇచ్చిన కవర్లెన్నో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. కోర్టు ఉత్తర్వు వచ్చిందంటే జప్తువాళ్లు కుట్టుమిషనూ బల్లలూ పట్టుకుపోతారు. అరవై మూడేళ్లు ఆమెకు. ఈ పని తప్ప ఇంకోటి రాదు.

డోరీన్ ఉపాయం ఆలోచించింది.

"సగ్డెన్ దగ్గర జీతానికి చేశానని చెప్పు. ఒప్పందం ఉందా? లేదు. రసీదులున్నాయా? లేవు. ఆ కొట్టు నీదని ఏ కాగితం చెబుతుందే మొద్దూ? సాక్ష్యానికి నేనొస్తా."

"తలుపు మీద బోర్డుందిగా, నా పేరుతో."

"నిచ్చెన పట్టుకుంటా, పీకెయ్."

పీకేసింది. ఆ మాట వారం రోజులు గొణుక్కుంటూ వల్లెవేసింది కూడా.

కోర్టులో ఆ ఉదయం పన్ను కేసులే యాభై దాకా ఉన్నాయి. పిలిచిన వాళ్లలో దాదాపు ఎవరూ రాలేదు. పేరు చదవడం, ఉత్తర్వు వేయడం, మళ్లీ పేరు చదవడం. లేచి నిలబడ్డది బెరిల్ ఒక్కతే. న్యాయమూర్తుల బెంచీ మధ్యలో కూర్చున్న పెద్దావిడ కళ్లజోడు తీసి అడిగింది.

"ఆ షెడ్డులో వ్యాపారం నడిపింది మీరేనా, మిసెస్ ఫీల్డింగ్?"

వెనక వరసలో జానిస్ ముందుకు వంగింది; బెరిల్ కాదంటే ఆ బాకీ మళ్లీ వాళ్ల నాన్న ఆస్తి మీదికే వస్తుంది. బెరిల్ నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. జీతానికి చేశానండీ. మూడు ముక్కలైనా లేవు. కానీ ఎవడిచ్చాడు తనకు జీతం? చర్చి కుర్చీలు నూటపది, మేయరుగారి సోఫా, ఊరి సగం ఇళ్లలో జనం కూర్చునే ప్రతి స్ప్రింగూ తన వేళ్లు బిగించినవే. ఆ ఒక్క మాటతో అదంతా కేకు తినడానికి వచ్చిన సగ్డెన్ ఖాతాలోకి పోతుంది. ఆమెకు ఒక్కసారిగా రోషం పొడుచుకొచ్చింది.

"నేనేనండీ," అంది. "ఇరవై రెండేళ్లు. ఇంకెవరూ కాదు."

"నీ నోట్లో మన్నుపడ," అని డోరీన్ పైకే అనేసింది. పెద్దావిడ ఏదో రాసుకుంది. తర్వాతి పేరు పిలిచారు.

బయట వరండాలో జానిస్ పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. నిజంగానే ఏడుస్తోంది.

"థాంక్స్ ఆంటీ. మీరు అబద్ధమాడరని నాన్న ఎప్పుడూ అనేవాళ్లు." ముక్కు తుడుచుకుని, కాస్త ఆగి, "కొనేవాళ్లు షెడ్డు ఖాళీగా కావాలంటున్నారు. నెలాఖరుకి అయిపోతుందిగా?" అంది.

"చేతిలో పని ఉందమ్మా. ఇంకో రెండు వారాలు?"

"వాళ్లు ఆగరు ఆంటీ. నన్నేం చెయ్యమంటారు?"

డోరీన్ ఏదో అనబోతే బెరిల్ మోచేత్తో ఆపింది. "సరేలేమ్మా," అంది.

జప్తువాళ్లు నెలాఖరు దాకా కూడా ఆగలేదు. మిషను తీసుకెళ్లిన మర్నాడు బెరిల్ అందరికీ ఫోన్లు చేసి ఎవరి సామాను వాళ్లను పట్టుకెళ్లమంది. ఆఖరున మిసెస్ ఆస్పిన్‌వాల్ వచ్చింది, పోయిన మొగుడి కుర్చీ కోసం. గుడ్డ ఊడదీసి ఉంది, స్ప్రింగులు పైకి లేచి ఉన్నాయి. బెరిల్ గడప దాటించి ఇచ్చిన వస్తువుల్లో పని పూర్తికానిది అదొక్కటే. డబ్బు ఇవ్వబోతే వద్దంది. ఇద్దరూ కలిసి దాన్ని కారు వెనక ఎక్కించారు.

"మరి దీన్నెవరు పూర్తిచేస్తారు బెరిల్?"

"దొరుకుతారులెండి ఎవరో ఒకరు," అంది బెరిల్.

ఆ ఊళ్లో ఆ పని వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరని ఇద్దరికీ తెలుసు.