పెడన నీలం, బావ కారు నల్లద్దాలు

మీ కారు అద్దాలకు నల్ల ఫిల్ము ఉందా? ఉంటే, లోపల అంత రహస్యంగా మీరు చేస్తున్న పనేమిటి?

ఈ ప్రశ్న మా బావని రెండేళ్లపాటు అడిగాను. బావ అంటే మా అక్క భర్త. విజయవాడలో చేనేత చీరల కొట్టు ఉంది. ఆయన కారులో జరిగే అతి పెద్ద రహస్యం, బీపీ ఉన్న మనిషి మా అక్క కంటపడకుండా మిరపకాయ బజ్జీలు తినడం.

ముందు, వెనక అద్దాల్లోంచి వెలుతురులో డెబ్బై శాతమైనా, పక్క అద్దాల్లోంచి సగమైనా లోపలికి రావాలన్నది నియమం. బావ కారులో పట్టపగలు కూర్చుంటే బజ్జీకీ బొగ్గుకీ తేడా తెలిసేది కాదు. ట్రాఫిక్ పోలీసులు ఆపినప్పుడల్లా జరిమానా కట్టేసి, ఆ రసీదుని డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ కింద భక్తిగా పెట్టేవాడు. ఫిల్ము మాత్రం తీసేవాడు కాదు.

"ఎండ బామ్మర్దీ, బెజవాడ ఎండ!" అనేవాడు.

"డిసెంబరులో కూడానా బావా?"

"డిసెంబరులో దిష్టి. కొత్త కారు కదా."

"మరి బంపరుకి కట్టిన నిమ్మకాయ ఏం చేస్తోంది?"

"అది బండికి. ఫిల్ము మనకి."

సభల్లో బాబాల మహిమలను గంటల తరబడి ఉతికి ఆరేసే హేతువాదిని, ఈ మాట విని వెనక సీట్లో వాలి కళ్లు మూసుకున్నాను. ఆ చల్లని చీకట్లో నాకు నిద్ర భలే పట్టేది. అదీ ఒప్పుకోవాలి.

అలాంటి ఒక డిసెంబరు మధ్యాహ్నం ఇద్దరం బందరు దగ్గరి నేతల ఊరు పెడన వెళ్లాం. గుణదల మేరీమాత ఉత్సవాల్లో పాటలు పాడే ఆడవాళ్ల బృందం ఒకటి, అందరికీ ఒకే రంగు చీరలు కావాలని బావకి చెప్పింది. మేరీమాత పైముసుగు లాంటి లేత నీలం. వాళ్లిచ్చిన గుడ్డ పీలికని బావ పెడనలోని ఒక నేత దంపతులకి పంపాడు. వాళ్లు చీరలకి సరిపడా నూలంతా ఆ రంగులో అద్ది, ఆరబెట్టి, మగ్గం ఎక్కించే ముందు ఒకసారి చూసి సరేననమని కబురు చేశారు.

కారు వాళ్ల అద్దకం పాక ముందు ఆగింది. బావ దిగలేదు. ఏసీ కూడా ఆపలేదు. నేతాయన చుట్టగా కట్టిన నూలు చిలప ఒకటి పట్టుకొచ్చాడు. బావ అద్దం నాలుగు వేళ్ల మేర దించి, చిలపని లోపలికి లాక్కుని, మళ్లీ అద్దం ఎత్తేశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మొహం ముడుచుకున్నాడు. మళ్లీ అద్దం దించాడు.

"ఇదేంటయ్యా? లేత నీలం అడిగితే నీలిమందు డబ్బాలో ముంచావేంటి? ఇంత ముదురు పనికిరాదు. మళ్లీ అద్దు."

నేతాయన అద్దం దగ్గరికి వంగాడు. "అద్దిన నూలు లేతది ఎట్టా అవుద్దండీ షావుకారుగారూ? మళ్లీ కొత్త నూలు తేవాల. పండగకి అందదండీ. ఈ నూలంతా మట్టిలో కలిసినట్టే. ఒక్కసారి కిందకి దిగి చూడండి."

"ఇక్కణ్ణుంచే కనబడుతోందిగా!"

అప్పుడు పాకలోంచి ఆయన భార్య వచ్చింది. చేతులు మోచేతుల దాకా నీలం. సగం దిగిన అద్దంలోంచి చెయ్యి పెట్టి, బావ ఒళ్లోని చిలపని తీసుకుంది. కారు బానెట్టు మీద పరిచి, పక్కన గుణదల వాళ్ల పీలిక పెట్టింది.

"మీ కొట్టుకొచ్చిన ఆడోళ్లు చీరని గుమ్మంలోకి తెచ్చి ఎండలో చూసుకోరా అండీ?"

"చూసుకుంటారు."

"లోపల దీపాల కింద చూసి కొంటారా?"

"ఎందుకు కొంటారు?"

"మరి తమరు దిగండి!"

బావ దిగాడు. బానెట్టు మీద పీలికా, చిలపా రెండూ ఒక్కటే నీలం. ఆయన రెండింటినీ చూసి, తిరిగి తన కారు అద్దం వైపు చూశాడు. ముప్పై ఏళ్లుగా కొట్లో ప్రతి చీరనీ గుమ్మంలోకి తెచ్చి చూపించిన మనిషి! బేరానికొచ్చిన ఒక్క ఆడమనిషైనా చేయని పొరపాటు చేసి కూర్చున్నాడు.

"రంగు సరిగ్గానే ఉందమ్మా," అన్నాడు గొణుగుతూ. "నాదే తప్పు. మగ్గం ఎక్కించండి."

నేతాయన చిలపని తీసి భుజాన వేసుకున్నాడు. ఆమె మాత్రం ఊరుకోలేదు. "అద్దకానికి కాగిన నీళ్లున్నాయి. ఆ నల్ల ఫిల్ము పీకటానికి కాస్త చల్లార్చి తెమ్మంటారా?"

బావ నా వైపు చూశాడు. "నవ్వకు బామ్మర్దీ, పట్టు."

గోరువెచ్చని నీళ్లు అద్దం మీద పోస్తూ, పై మూల నుంచి గోళ్లతో లాగాం. ఫిల్ము బంకబంకగా, చిరుగుతూ ఊడి వచ్చింది. తిరుగుదారిలో బందరు రోడ్డు మీద ఎండ నా మొహాన కొట్టింది, నిద్ర పట్టలేదు. రెండేళ్ల నా చట్టం ఉపన్యాసాలు చేయలేని పని, నీలం చేతుల ఆవిడ నాలుగు మాటల్లో చేసిందని దారి పొడుగునా బావ గుర్తుచేస్తూనే ఉన్నాడు.

మీ నల్లద్దంలోంచి కూడా ఎవరి పనో, ఎవరి మొహమో, రోడ్డు దాటే ఎవరి పిల్లవాడో తప్పుగా కనబడుతూనే ఉంటాడు. మీ వాకిట్లో ఆ నీలం చేతులావిడ ఉండదు. కాబట్టి కాసిని నీళ్లు కాచండి, గోళ్లు పెంచండి, ఈ ఆదివారమే ఆ ఫిల్ము పీకేయండి.