ఖాళీ కుర్చీ కొలత

పొద్దున్నే మొహం కడుక్కోగానే కొలతల టేపు మెడలో వేసుకోవడం టైలరమ్మకు అలవాటు. కాఫీ ఆ తర్వాతే. కాళ్ళు పడిపోయి రెండేళ్ళు మేడమీద గదిలోనే ఉండిపోయినప్పుడు కూడా ఆ అలవాటు తప్పలేదు. కొలవడానికి మనుషులు లేకపోతే కిటికీ తెరనే కొలిచేది.

ఆమె దుకాణం సరిగ్గా ఆ గది కిందే. మధ్యలో పద్దెనిమిది మెట్లు. ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజున మరిదీ, పక్కింటాయనా ఆమెను కుర్చీతో సహా మోసుకుని దింపేవారు. "ఏం వదినా, దారపు ఉండలేమైనా మింగావా, ఇంత బరువెక్కావు?" అని మరిది నవ్వించేవాడు. ఆమె నవ్వేది గానీ చూపు గోడ మీదే ఉంచేది. రోజూ అలా మోయించుకుని పనికి వెళ్ళడం చచ్చినా ఇష్టం లేదు. మూతపడ్డ ఆ దుకాణం కోసం ఇస్త్రీ చేసే అతను కాచుకుని కూర్చున్నాడు. ఒకటో తారీఖున తలుపు తెరవకపోతే అతనికి ఇచ్చేస్తానని అద్దెకిచ్చిన ఇంటావిడ మర్యాదగానే చెప్పింది.

అందుకే వరండా పక్కన చక్రాల కుర్చీ పట్టేంత లిఫ్టు పెట్టించారు. ఇరవై తొమ్మిదిన పని పూర్తయింది. తీరా ఆమెను ఎక్కించి గేటు వేయబోతే పడలేదు. కాలి వేళ్ళు అడ్డం. గేటు పడనిదే లిఫ్టు కదలదు.

"కొలతలు ఎలా తీశావు నాయనా?" అని అడిగిందామె.

లిఫ్టు మేస్త్రీ జరిగింది చెప్పాడు. ఆ రోజు ఆమె నిద్రపోతోందట. లేపడం ఎందుకని, గోడకు చేర్చిన ఖాళీ కుర్చీని కొలుచుకుని వెళ్ళాడట. ఖాళీ కుర్చీకి పాదాల పలకలు పైకి మడిచి ఉంటాయన్న సంగతి తట్టలేదు. ఇప్పుడు లిఫ్టు పెద్దది చేయించాలంటే మూడు వారాలు.

"ఎవరైనా ఆది చొక్కా తెచ్చి ఇలాగే కుట్టమన్నా, మనిషిని నిలబెట్టి కొలవందే నేను కత్తెర పట్టను" అందామె. తన మెడలోని టేపు తీసి మేస్త్రీకిచ్చి ఎంత తక్కువైందో చూడమంది. అంగుళమున్నర.

"ఇంతేనా? చొక్కా బిగుతైతే పారేస్తామా, కుట్టు విప్పి వదులు చేస్తాం గానీ. ఈ కుర్చీకి విప్పే కుట్టే లేదా?"

మేస్త్రీ నేల మీద పడుకుని కుర్చీ కిందకు చూశాడు. పలకల వెనక బోల్టులు, ఒక్కో బోల్టుకు మూడు బెజ్జాలు. పావుగంటలో పలకలు ఒక బెజ్జం వెనక్కి జరిగాయి. చక్రాలకు తగలకుండా రెండుసార్లు తిప్పి చూశాడు. ఈసారి గేటు టక్కున పడింది.

లిఫ్టు దిగుతుంటే మెట్లు ఒక్కొక్కటే పక్కనుంచి పైకి పోయాయి. ఆమె పద్దెనిమిదీ లెక్కపెట్టింది. కింద మరిది చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు.

"నా ఉద్యోగం ఊడింది వదినా."

ఆమె ఈసారి అతని మొహం చూసి నవ్వింది.

ఒకటో తారీఖునే ఆమె దుకాణం తెరిచింది, ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి తెరుస్తోంది. తొక్కుడు మిషను తీసేసి, మోచేత్తో నొక్కే స్విచ్చు ఉన్న కరెంటు మిషను పెట్టించుకుంది.