గో అరౌండ్ అనని కో-పైలట్ కోసం ఉరవకొండకు

బెంగళూరులో పొద్దున ఆరున్నరకు రైలెక్కాను. ఉరవకొండ వెళ్లి ఒక మనిషిని చెడామడా తిట్టి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేయాలి. ఈ ప్రయాణం పెట్టుకున్నది అందుకే.

ఆ మనిషి పేరు షఫీ. విమానంలో కో-పైలట్, అంటే కుడి సీటులో కూర్చునేవాడు. నేను ముప్పై ఏళ్లు విమానాలు నడిపి, ఇప్పుడు సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే ఉండే ఉత్తుత్తి కాక్‌పిట్‌లో, కొత్తవాళ్లకు నేర్పి పరీక్ష పెడుతుంటాను. షఫీ నా దగ్గర పాసైనవాడే. రెండు నెలల కిందట దట్టమైన మంచులో వాళ్ల విమానం రన్‌వేకు ముందే నేలకు తగిలి, లైటు స్తంభాలను విరగ్గొట్టుకుంటూ వెళ్లి ఆగింది. ఎవరూ చావలేదు. వెనక కూర్చున్న ఎయిర్‌హోస్టెస్‌కు మాత్రం వెన్నెముక విరిగింది. ఆ అమ్మాయి ఇంకా మంచం దిగలేదు.

మంచులో కిటికీలోంచి ఏమీ కనబడదు. నేల మీంచి వచ్చే రేడియో సంకేతాన్ని పట్టుకుని దిగాలి. దారి చూపడానికి ఎదురుగా ఒక సూది ఉంటుంది. అది పైకి పోయిందంటే విమానం ఉండాల్సిన దారికన్నా కిందికి జారిందని అర్థం. రెండు వందల అడుగులకు వచ్చినా రన్‌వే దీపాలు కనబడకపోతే కో-పైలట్ "గో అరౌండ్" అని గట్టిగా చెప్పాలి. దిగొద్దు, మళ్లీ పైకి లేపు అని. ఆ రోజు విమానం నడుపుతున్న కెప్టెన్ సూదిని వదిలేసి, దీపాల కోసం వెతుక్కుంటూ ఇంకా కిందికి పోయాడు. మా షఫీగారు పక్కనే కూర్చుని చూస్తూ ఉన్నారు! నోరు పడిపోయిందా వీడికి? సోమవారం విచారణ. లైసెన్స్ ఊడుతుంది, ఊడాల్సిందే అనుకున్నాను.

ధర్మవరంలో కొన్న ఇడ్లీ చల్లగా ఉంది. దాని మీద కూడా విసుక్కున్నాను. పది నలభైకి అనంతపురం. బస్టాండు ఎదురుగా బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ తిన్నాను. అంత కోపంలోనూ రుచి తెలిసిందంటే నిజంగానే బాగున్నట్టు. పదకొండుంపావుకు ఉరవకొండ బస్సు దొరికింది.

కూడేరు దాటాక డ్రైవరు ఒక చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడడం మొదలుపెట్టాడు. నా ముందు సీట్లో శనక్కాయల సంచి ఒళ్లో పెట్టుకున్న ఒకామె లేచి నిలబడింది.

"ఏమప్పా, ఫోను పెట్టేసి రోడ్డు చూడు. ఈడ ముప్పై మంది ఉండాము."

"సరేలేమ్మా, పెట్టేసినా," అన్నాడతను. పెట్టేశాడు కూడా.

అంతే. ఇంత చిన్న పని. టిక్కెట్టు కొని కూర్చున్నామెకు ఉన్న నోరు, లైసెన్స్ తీసుకుని కూర్చున్నవాడికి లేకపోయింది. గాలిమరలు కనబడేసరికి నా కోపం ఇంకో మెట్టెక్కింది.

పన్నెండున్నరకు ఉరవకొండలో దిగాను. షఫీ తండ్రి మస్తాన్‌కు బోరు మోటార్లు రిపేరు చేసే షాపుంది. ఇల్లు దాని వెనకే. తండ్రీకొడుకులిద్దరూ కింద కూర్చుని మోటారుకు రాగితీగ చుడుతున్నారు. నన్ను చూడగానే షఫీ లేచి, చేతులు వెనక్కి కట్టుకుని "సార్" అన్నాడు. కూర్చోమన్నా కూర్చోకుండానే మొదలుపెట్టాను.

"సూది కనబడలేదా నీకు?"

"కనబడింది సార్."

"మరి?"

"కొంచెం కిందున్నామేమో సార్ అన్నాను. ఆయన పలకలేదు. మళ్లీ అనలేదు."

"గో అరౌండ్ అనడానికేం రోగం? ఒక పిల్ల నడుం విరిగిందిరా!"

మస్తాన్ చేతిలోని కటింగ్ ప్లేయర్ కింద పెట్టి, లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు.

"వాన్ని అడుగుతాండావే, ముందు ఇది చదువు సార్. ఈ సంతకం ఎవురిది?"

నాదే. నాలుగేళ్ల కిందటి పరీక్ష ఫారాలు, రెండు. మొదటిదాంట్లో నా చేతిరాత: "కెప్టెన్‌తో ఎలా మాట్లాడాలో తెలియదు. ఫెయిల్." నెల తర్వాతిదాంట్లో: "మంచి మార్పు. పాస్."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు సిమ్యులేటర్‌లో ఎడమ సీట్లో కెప్టెన్‌గా కూర్చున్నది నేనే. కబుర్లు చెబుతూ నిజంగానే సూది చూపే దారికన్నా కిందికి జారాను. షఫీ "గో అరౌండ్" అని గట్టిగా అరిచాడు. వెనక ఇద్దరు ట్రైనీలు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది, ఫెయిల్ చేశాను. నెల తర్వాత మళ్లీ అలాగే జారాను, ఈసారి కావాలనే. వాడు నోరు మెదపలేదు.

"ఇంట్లో నాతోనే కొట్లాడేటోడు," అన్నాడు మస్తాన్. "తీగ తప్పు చుడితే, నాయనా ఇది కాలిపోతాది అని మొగం మీదే చెప్పేటోడు. మీ తావ నేర్చుకోని వచ్చినాక అన్నిటికీ తల ఊపుతాడు. ఏం నేర్పించినారు సార్?"

"నోరు మూసుకోమని నేను చెప్పానా?" అని ఆయన మీదికే లేచాను. సిగ్గులేదు నాకు.

"లేదు సార్, మీరు చెప్పలేదు," అన్నాడు షఫీ మెల్లగా. ఆ మాటకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు కూడా నన్నే కాపాడుతున్నాడు!

"సోమవారం ఈ కాగితాలు చూపించు."

"మీ పేరుంది సార్. నేను చూపించను."

"నేను చూపిస్తాను, ఇవ్వండి," అని చెయ్యి చాపాను.

మస్తాన్ కవరు వెనక్కి లాక్కున్నాడు. "ఫోటో తీసుకో. కాయితం ఇయ్యను. నిన్ను నమ్మేదెట్ల?"

ఫోటోలు తీసుకున్నాను. తిట్టినవాడికి కూడా సంగటి, శనక్కాయల ఊరిబిండి పెట్టారు. తలెత్తకుండా తిన్నాను.

మూడుంపావు బస్సు, అయిదింటి రైలు. విచారణ సంఘానికి ఫోన్లోనే ఉత్తరం రాశాను. ఈ కో-పైలట్ ఒకసారి నోరు తెరిస్తే నేను ఫెయిల్ చేశాను, మూసుకుంటే పాస్ చేశాను అని. రెండు ఫోటోలూ జతచేశాను. ఎదుటి సీటాయన చాలాసేపు చూసి, "ఎవురి మీద అన్నా, అంత కోపము? ఫోను పగలగొట్టేట్టు ఉండావే," అన్నాడు.

"నా మీదే," అన్నాను.

హిందూపురం రాకముందే పంపేశాను. ఇక నాకు పరీక్షలు పెట్టే అధికారం ఉండదు. ఉండకూడదు కూడా. కానీ పరీక్షలు పెట్టిన ఈ పదకొండేళ్లలో నేను పాస్ చేసినవాళ్లందరూ ఈ సాయంత్రం కూడా ఎక్కడో దిగుతూనే ఉంటారు. ఈ దారిన రాదలచినవాళ్లకు రైలు, బస్సు వేళలు పైన చెప్పాను. విమానంలో వెళ్లేవాళ్లకు చెప్పేది ఒక్కటే: కెప్టెన్ ఎవరని అడగకండి. కుడి సీటులో కూర్చున్నవాడు ఎవరి దగ్గర పాసయ్యాడో అడగండి. నా పేరు చెబితే దిగిపోండి.