పన్నెండు తప్పులు

నాకు ముక్కు మీద కోపం. లెక్కల టీచరుకు అది ఉండాల్సిందేనని అప్పట్లో అనుకునేదాన్ని. విజయనగరంలో చదువుకుని, డెబ్బైల్లో అరకు దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. మా వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తూ పెరిగినదాన్ని. చుక్కల లెక్క కుదిరితే అందం దానంతటదే వస్తుందని అప్పుడే తెలుసుకున్నాను. అంతవరకూ బాగానే ఉంది. లెక్క కుదరని చోట అందం ఉండదని కూడా నేనే తీర్మానించేసుకున్నాను.

ఆ ఏడు అరకులో స్కూళ్ల ఎగ్జిబిషన్ పెట్టారు. అప్పుడు ఏడో తరగతికి షడ్భుజి చెబుతున్నాను. ఆరు మూలల గడులు పక్కపక్కన పేరిస్తే సందు లేకుండా కుదురుతాయని బోర్డు మీద గీసి చూపించి, నా బొమ్మకు నేనే మురిసిపోయాను. అన్నీ ఆరు మూలల కన్నాలే ఉండేలా వెదురు బద్దలతో భూగోళంలాంటి బంతి అల్లించి ఎగ్జిబిషన్‌కు పంపాలని నా ఊహ. క్లాసులో ఒక పిల్ల తల్లి కోళ్ల గంపలు అల్లి సంతలో అమ్మేది. ఆ పిల్లకే పని అప్పగించాను. వాళ్ల కొండ మీది ఊళ్లోంచి ఏడో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల తనే.

"అన్నీ ఆరే. ఒక్కటి కూడా తేడా రాకూడదు" అన్నాను. పిల్ల ఏదో చెప్పబోయింది.

"చెప్పింది చెయ్యి" అని నోరు మూయించాను.

నాలుగో రోజున బంతి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఎంత బాగుందో! కిటికీలోంచి వచ్చిన ఎండ దాని కన్నాల గుండా పడి బల్ల మీద ముగ్గు పరిచింది. సంబరంగా చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు కనబడింది, ఒక కన్నానికి అయిదే మూలలు. కాస్త తిప్పితే ఇంకొకటి. నాకు ఒళ్లు మండింది. ఎర్ర సిరా పెన్ను తీసి, అయిదు మూలలున్న ప్రతి కన్నం దగ్గరా చుక్క పెట్టుకుంటూ పోయాను.

"పన్నెండు తప్పులు" అన్నాను క్లాసంతా వినేలా. "ఆరంటే ఎంతో కూడా తెలీదా?"

పిల్ల తెచ్చుకున్న బద్దలు చీల్చే కత్తి తన పక్కనే ఉంది. అది తీసుకుని బంతిని కోసేశాను.

మర్నాటికి పిల్ల హాస్టల్లో లేదు. ఇంటికి వెళ్లిపోయిందన్నారు. వారం దాటితే రిజిస్టర్లో పేరు కొట్టేస్తామని, ఇక పరీక్షకు కూర్చోనివ్వరని హెడ్మిస్ట్రెస్ చెప్పారు. పోతే పోనివ్వండి అనేశాను. బంతి నేనే అల్లుతానని రెండు సాయంత్రాలు కూర్చున్నాను. అన్నీ ఆరే పెట్టాను. అల్లిక చాపలా పరుచుకుందే తప్ప ఎటూ ఒంగలేదు. బలవంతాన వంచితే బద్దలు విరిగి వేళ్లు కోసుకుపోయాయి. అప్పుడు భయం వేసింది. ఎగ్జిబిషన్ గురించి కాదు, తప్పు నాదేనేమోనని.

ఆరో రోజు ఆదివారం. దారి అడుక్కుంటూ కాఫీ తోటల మీదుగా కొండెక్కాను. తల్లి గుమ్మం ముందు గంప అల్లుతోంది. పిల్ల ఆమె వెనక కూర్చుని అదే కత్తితో బద్దలు చీలుస్తోంది. నన్ను చూసి కూడా లేవలేదు.

"ఏటి టీచరమ్మా, ఇంతెత్తు ఎక్కి వచ్చీసినావు?" అంది తల్లి.

పక్కనే నేల మీద, ఆమె చేతులకేసి చూస్తూ కూర్చున్నాను. గంప అడుగంతా ఆరు మూలల కన్నాలే. ఆ అడుగు అంచుకు వచ్చేసరికి ఒకచోట ఆరు బద్దలకు బదులు అయిదింటితో కన్నం చేసింది. సరిగ్గా అక్కడ అల్లిక పైకి లేచింది.

"అక్కడ అయిదెందుకు?" అన్నాను.

"అయిదెట్టకపోతే ఒంగదు కదా" అని నవ్వింది. "అడుగు సుట్టూ ఆరు సోట్ల అలాగెట్టాల. సిన్న గంపకైనా ఆరే, పెద్ద గంపకైనా ఆరే."

పిల్ల వైపు తిరిగి "మరి బంతికి?" అని అడిగాను.

చేతిలో పని ఆపకుండానే చెప్పింది. "రెండు గంపలు మూతీ మూతీ కలిపితే బంతే కదా. పన్నెండు."

సిగ్గుతో చచ్చిపోయాను. తనకు బంతి అల్లడం ఎవరూ నేర్పలేదు. గంపను చూసి తనే లెక్క కట్టింది. నేను ఆ లెక్కకే ఎర్ర చుక్కలు పెట్టాను. నేల మీద ముగ్గు వేసి పెరిగినదాన్ని, పైకి లేచేదానికి వేరే లెక్క ఉంటుందని నాకు తెలీదు. చెప్పబోయిన పిల్లను చెప్పనివ్వలేదు.

"తప్పు నాది. నీ లెక్క సరైనదే" అన్నాను. "రేపు బడికి రా. అందరి ముందూ ఈ మాటే చెబుతాను."

పిల్ల తల్లికేసి చూసింది. ఆమె గంప మీంచి చూపు తిప్పకుండా "నీ ఇట్టం" అంది.

పిల్ల చీలుస్తున్న బద్ద పక్కన పెట్టింది. తర్వాత కత్తిని గుడ్డతో తుడిచి తన బడి సంచిలో పెట్టుకుంది.

"వత్తాను. బంతి మళ్లీ అల్తాను" అంది. "కత్తి మాత్రం నాకాడే ఉంటాది."