మేష్ట్రు పేర్చిన రాళ్ళు

మొన్న పొద్దున్నే గుడిబండె నుంచి ఫోను వచ్చింది. హైస్కూల్లో మాకు లెక్కలు చెప్పిన మేష్ట్రు భార్య. "మీ మేష్ట్రు పోయినారప్పా, నిద్రలోనే" అన్నారు. బాగేపల్లిలో అంగడి తలుపు తీయబోతున్నవాణ్ణి, మళ్ళీ తాళం వేసి బస్సెక్కాను. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని పాత విద్యార్థులు అడిగారు. మంచి మాటలకేం, చాలా ఉన్నాయి. ఒక చెడ్డ పని కూడా ఉంది. అది నాది.

మేష్ట్రు నోరు మంచిది కాదు. లెక్క తప్పినవాణ్ణి బోర్డు దగ్గర నిలబెట్టి, ఆ తప్పును వాడిచేతే గట్టిగా చదివించేవారు. ఆదివారమైతే అదే మనిషి మమ్మల్ని గుట్టలెక్కించేవారు. మాకు పెళ్ళిళ్ళై పిల్లలు పుట్టాక కూడా, చెనిక్కాయ పంట ఎత్తగానే ఆయన దగ్గర్నుంచి కబురు వచ్చేది. నేనూ నా ఇద్దరు స్నేహితులూ దుప్పట్లు చుట్టుకుని, గుట్టల కింద కారు ఆపి, ఆయన వెంట నడిచి పోయేవాళ్ళం. ఏటా ఒక కొత్త వంక వెతికేవారు. దాని ఒడ్డున ఇసుకలో ఒక రాత్రి పడుకుని, మరునాడు తిరిగి రావడం. నీళ్ళు ముందు ఆయనే రుచి చూసేవారు. వేయించిన చెనిక్కాయలు మాకు పంచాకే తాను తినేవారు. ఎవరైనా ఫోనులో పాట పెడితే, "వంక పాడతాండాది గదప్పా, దాని నోరెందుకు మూస్తావు" అనేవారు.

పోయేటప్పుడు దోవ మలుపు తిరిగిన ప్రతిచోటా మూడు రాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చేవారు. వచ్చేటప్పుడు వాటిని చూసుకుంటూ, మాకంటే చాలా ముందు ఒక్కరే నడిచేవారు. ఆ ధీమా చూస్తే మాకు ఎప్పుడైనా ఒకసారి ఆట పట్టించాలనిపించేది.

నాలుగేళ్ళ కిందట ఆ పని చేశాం. ఆయన వంకలో స్నానం చేస్తుండగా ముగ్గురం ముందుకు పోయి, వంక వదిలి గుట్ట ఎక్కాల్సిన చోట ఉన్న రాళ్ళు తీసి, ఇంకాస్త అవతల వేరే గుట్టల సందులో పేర్చి వచ్చాం. కాసేపు పోయి, తిట్టుకుంటూ వెనక్కి వస్తారు, నవ్వుకుందాం అనుకున్నాం. ఆయన రాలేదు. తాను పేర్చిన రాళ్ళు కదా, నమ్మి ముళ్ళకంపల్లో పడి పోతూనే ఉన్నారు. వెతికాం, పిలిచాం. ఎటో ఒకవైపు నుంచి కారు దగ్గరికి చేరి ఉంటారని మాకు మేమే సర్దిచెప్పుకుని, అసలు దోవన దిగి వచ్చేశాం.

కారు దగ్గర ఆయన లేరు. సాయంత్రం నాలుగింటికి వచ్చారు. ఒక కాలికి చెప్పు లేదు. మోకాలు చీరుకుపోయి ఉంది. బండకు ఆనుకుని కూర్చుని, "రాళ్ళు నేను పెట్టినవే. యాడ పెట్టినానో నాకే తెలియకపాయనప్పా" అన్నారు. నా స్నేహితుడొకడు నిజం చెప్పబోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాణ్ణి, అయినా ఆ బోర్డు భయం నన్ను వదల్లేదు. వాడి మాటకు అడ్డం పడి, "వయసైపాయ గదా సార్, మరుపు వస్తాదిలే" అన్నాను. మేష్ట్రు నన్నొకసారి చూసి తలూపారు. ఎవరి లెక్కనూ రెండుసార్లు చూడకుండా ఒప్పుకోని మనిషి, నా మాట అట్లాగే ఒప్పుకున్నారు.

మళ్ళీ ఆయన గుట్టకు రాలేదు. తరువాత బజారుకు ఒక్కరే పోవడం మానేశారు. చిక్కబళ్ళాపురలో డాక్టరు పరీక్షలన్నీ చేసి తల బాగానే ఉందన్నాడు. "నా తల సంగతి నాకు తెలీదా" అని ఈయన ఆ కాగితాలు పక్కన పడేశారు. నిజం చెబుదామని రెండుసార్లు వాళ్ళింటికి పోయాను. రెండుసార్లూ కాఫీ తాగి వచ్చాను. దానికి పిరికితనం కంటే మంచి పేరు నాకు దొరకలేదు.

పోయిన వేసవిలో గుడిబండె బస్టాండులో కనిపించారు. భార్య నీళ్ళ సీసా కొనడానికి పోతే, ఆమె నిలబెట్టిన చోటే స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే ముఖం విచ్చుకుంది. చొక్కా జేబులోంచి మడిచిన చీటీ ఒకటి తీసి చేతిలో పెట్టారు.

"తప్పిపోతే ఎవురన్నా ఇల్లు చేరుస్తారని రాసి పెట్టుకున్నా" అన్నారు.

గుండ్రటి అక్షరాల్లో ఆయన పేరు, ఇంటి గుర్తు, భార్య నంబరు. దాని కింద నా నంబరు.

"ఆ పొద్దు నువ్వు దోవ తప్పకుండా వచ్చినావు గదప్పా. ఆమె ఫోను తీయకపోతే నువ్వు వస్తావులే అని."

చీటీని ఉన్న మడతల్లోనే మడిచాను. ఆయన జేబులో పెట్టి, జారిపోకుండా గుండీ కూడా పెట్టాను.